ఆరు నిమిషాల వరస

రెనాటా డూడెక్ ఎలాంటి పిల్ల అని అమెరికాలోని చీక్‌టొవాగా ఊళ్లో ఎవరినడిగినా "బుద్ధిమంతురాలు" అంటారు. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతుందో జాలి కూడా అంతే ఉంటుంది. పుట్టింది అక్కడే, కాలేజీ చదువు పక్కనే బఫెలోలో, ఉద్యోగం కూడా ఆ చుట్టుపక్కలే. ఆస్పత్రులకు చేతి తొడుగులు, సూదులు, కట్టు గుడ్డలు పంపే ఒక కంపెనీ ఆఫీసులో ఆమె పని. సరుకు ఎక్కడ ఆగిపోతోంది, ఎందుకు ఆగుతోంది, ఎంతసేపు ఆగుతోంది అని బొమ్మ గీసి, ఆగిన చోట ఎర్ర సున్నా చుట్టి పైవాళ్లకు పంపాలి. ఇరవై నాలుగేళ్లకే ఆ పనిలో చేయి తిరిగిపోయింది.

పైవాళ్లందరికీ ఎంబీఏ ఉంది. వాళ్లు ఆమె గీసిన బొమ్మలు పట్టుకుని మీటింగులకు వెళ్లేవారు, ఆమె బయట కూర్చుని ఇంకో బొమ్మ గీసేది. రెనాటా తల్లి ముప్పై ఏళ్లు ఒక పళ్ల డాక్టరు దగ్గర ఫోన్లెత్తింది. "ఒక్క నిమిషం ఆగండి" అన్న మాట ఆ ఇంట్లో నిద్రలో కూడా వినపడేది. రెనాటా ఆగదలచుకోలేదు. పేరున్న బిజినెస్ స్కూల్లో సీటు తెచ్చుకోవాలి, ఆ మీటింగు గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లాలి. అంతకు మించి ఆమెకు వేరే ఆశ లేదు. ఆ ఒక్క ఆశే తిండి తిననిచ్చేది కాదు, నిద్ర పోనిచ్చేది కాదు.

అలాంటి ఆశపరులను ఒడ్డున పడేయడానికి అక్కడ డబ్బు తీసుకుని దరఖాస్తులు దిద్దే గురువులుంటారు. ఆమెకు దొరికినవాడు బ్రైస్. కాలిఫోర్నియాలో ఉంటాడు, కంప్యూటర్ తెర మీదే మాట్లాడతాడు, పళ్లు తెల్లగా ఉంటాయి.

"మార్కులు బావున్నాయి, పరీక్ష స్కోరు బావుంది. కానీ నువ్వు ఎవరినీ నడిపించలేదు, రెనాటా. నీ వెనక నడిచినవాడు ఒక్కడైనా ఉన్నాడా?"

"ఆఫీసులో నా కింద ఎవరూ లేరు."

"అయితే బయట వెతుక్కో. ముందే మొదలుపెట్టావు కాబట్టి బతికిపోయావు. ఏదో ఒకటి పట్టుకో, దాన్ని మార్చు, ఎంత మారిందో అంకెతో చెప్పు. కథంతా ఒక్క వాక్యంలో పట్టాలి."

అక్కడి కుర్రకారుకు ఇదొక జబ్బు. ఊరికే సాయం చేస్తే ఎవరికీ కనపడదు. దిక్కులేని కుక్కలకు నీళ్లు పెట్టడానికి వెళ్లినా, వృద్ధులకు పుస్తకం చదివి వినిపించడానికి వెళ్లినా, రెండో వారానికల్లా దానికి అధ్యక్షులైపోవాలి. మూడో వారానికి దాన్ని మార్చేయాలి. అది మారాలని అనుకుంటోందా అని అడిగే తీరిక ఎవరికుంది!

రెనాటా వెతికింది. ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. తపస్సుకాలం వస్తోంది, ఈస్టరుకు ముందు శుక్రవారాలు మాంసం ముట్టని నలభై రోజులు. ఈస్టరు దాకా ప్రతి శుక్రవారం వాళ్ల చర్చి హాల్లో చేపల విందు ఉంటుంది. రొట్టెపొడి అద్ది వేయించిన హాడక్ చేప, బంగాళాదుంప వేపుడు, క్యాబేజీ, మాకరోనీ, ఒక రై రొట్టె ముక్క. నాలుగింటికి తలుపు తీస్తే వరస మంచులో పార్కింగు చుట్టూ తిరిగేది. లోపలికి చేరడానికి గంటకు కాస్త తక్కువ పట్టేది. దాన్ని నడిపే పెద్దమనిషి మోకాళ్ల నొప్పులని తప్పుకుంటే ఆ భారం మోయడానికి ఎవరూ ముందుకు రాలేదు. రెనాటా చెయ్యెత్తింది. అందరూ ముక్కున వేలేసుకుని, మరుక్షణం హమ్మయ్య అనుకున్నారు.

మొదటి శుక్రవారం ఆమె ఏమీ మార్చలేదు. ఫోన్లో గడియారం పెట్టుకుని ఒక మూల నిలబడి చూసింది. వంటగది ఆలస్యం చేయడం లేదు. వడ్డించేవాళ్లు ఆలస్యం చేయడం లేదు. వరసంతా ఆగిపోతున్నది తలుపు దగ్గర, వాండా బల్ల ముందు. వాండాకు డెబ్బై దాటాయి. హాలంతా ఆమెను "చోచీ" అంటారు, అత్తయ్య అన్నట్టు. టికెట్ల చుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఒక టికెట్ చింపడానికి ఎంతసేపు కావాలి? చోచీకి నిమిషం పైనే కావాలి, ముందు రే అనే ముసలాయన, వెనక లోరెట్టా అనే పెద్దావిడ నిలబడితే మరీను.

"మోకాలెలా ఉంది, రే? మీ చెల్లెలు ఫోన్ చేసిందా? చెయ్యలేదా? దానికి పొగరు. లోరెట్టా, నిన్న నీ వంటింట్లో దీపం వెలగలేదేం? నేను బస్సులోంచి చూశాను. బల్బు పోయిందా? ఏయ్ రే, వెళ్లేటప్పుడు ఈవిడ బల్బు మార్చి వెళ్లు."

రెనాటా ఆ రాత్రి బొమ్మ గీసింది. తలుపు దగ్గర ఎర్ర సున్నా చుట్టి, దాని పక్కన "టికెట్ల దగ్గర కబుర్లు" అని రాసింది.

వరసలో నిలబడినవాళ్లలో చెస్టర్ పిలార్స్కీ ఒకడు. అందరూ చెట్ అంటారు. భార్య పోయింది, ఒక్కడే ఉంటాడు. రెనాటా చిన్నప్పుడు స్కూలు బస్సు నడిపినవాడు ఆయనే. మలుపు దగ్గర పిల్ల కనపడకపోతే బస్సు కదిలించేవాడు కాదు. హారన్ మీద చెయ్యి వేసి, వీధంతా లేచేదాకా తీసేవాడు కాదు. ఎన్నిసార్లో రెనాటా ఒక కాలికి బూటుతో, నోట్లో రొట్టెతో పరిగెత్తుకొచ్చి ఎక్కింది. "యువరాణీ గారు వచ్చారు, ఇక పోదామా?" అనేవాడు. పిల్లలంతా గొల్లుమనేవారు.

మర్నాడు రెనాటా చోచీ ఇంటికి వెళ్లింది.

"చోచీ, వచ్చే వారం నుంచి నువ్వు హాయిగా కూర్చో. టికెట్లన్నీ ఫోన్లోనే. ముందే చెప్పేస్తారు, కారులో వస్తారు, కిటికీలోంచి భోజనం పెట్టె ఇచ్చేస్తాం."

"ఇన్నేళ్లూ నేను కూర్చునే ఉన్నానుగా."

"అది కాదు. ఎవరితోనూ మాట్లాడే పని లేకుండా..."

"మాట్లాడటం పనని నీకెవరు చెప్పారే పిల్లా?"

"జనం చలిలో నిలబడలేక పోతున్నారు చోచీ."

"నిలబడలేనివాడు రాడు. నాలుగింటికే వచ్చి నిలబడేవాళ్లు చేపల కోసం వస్తున్నారనుకున్నావా?" చోచీ చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. "సరేలే. చదువుకున్నదానివి. నీ ముచ్చట తీర్చుకో."

టికెట్ల చుట్ట తన చేతిసంచిలో పెట్టేసుకుంది. మళ్లీ ఆ తపస్సుకాలంలో హాలు వైపు రాలేదు. రెనాటాకు కొంచెం బాధనిపించింది కానీ, పెద్దవాళ్లకు మార్పంటే పడదు కదా అని సరిపెట్టుకుంది. ఇలాంటి సర్దుబాట్లు మనసు ఎంత సులువుగా చేసుకుంటుందో!

మూడో శుక్రవారానికి వరస ఆరు నిమిషాలైంది. పెట్టెలు రెట్టింపు అమ్ముడుపోయాయి. హాల్లో సగం బల్లలు మడిచి గోడకు చేర్చారు, కూర్చునేవాళ్లు లేరు కాబట్టి. చర్చి పత్రికలో రెనాటా ఫొటో వేశారు. బ్రైస్ ఆ అంకె విని కుర్చీలోంచి లేచాడు.

"ఆరు నిమిషాలు! నా నెత్తిన పాలు పోశావు! ఇదే మన వాక్యం."

చెస్టర్‌కు ఆ ఫోన్ల గొడవ చేతకాదు. రెనాటాయే ఆయనకు ఫోన్ చేసి, ఈస్టరు దాకా అన్ని శుక్రవారాలకూ ఒకేసారి రాసిపెట్టింది. ఒక హాడక్, క్యాబేజీ బదులు మాకరోనీ. "లోపల కూర్చుని తినొచ్చా అమ్మాయ్?" అని అడిగాడు. తినొచ్చు గానీ లోపల ఎవరూ ఉండరు అంది. "అయితే కారులోనే తింటాలే, రేడియో ఉంది తోడు" అన్నాడు. ఆమె నవ్వేసి ఫోన్ పెట్టేసింది.

నాలుగో శుక్రవారం ఒక పెట్టె మిగిలింది. మీద పిలార్స్కీ అని ఉంది. ఏడు దాటితే మిగిలిన పెట్టెలు పనిచేసినవాళ్లు తీసుకోవచ్చని రెనాటాయే నియమం పెట్టింది. తిండి పారేయడం ఆమెకు ఇష్టం లేదు. ఆ పేరు చదివింది. పాపం మర్చిపోయినట్టున్నాడు అనుకుంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, కడుపు నకనకలాడుతోంది. కారులో హీటరు వేసుకుని, ఆ పెట్టె విప్పి తినేసింది. చేప ఇంకా వెచ్చగా ఉంది. మాకరోనీ కూడా వదల్లేదు.

అప్పటికి చెస్టర్ తన వంటింటి నేల మీద పడి ఒక రోజు దాటింది. గురువారం పొద్దున కాఫీ పెట్టుకోబోతూ జారాడు. తుంటి ఎముక విరిగింది. ఫోను బల్ల మీద ఉంది, చెయ్యి అందలేదు. శనివారం సాయంత్రం పక్కింటాయన గుమ్మంలో పేపర్లు పోగుపడటం చూసి తలుపు బద్దలుకొట్టాడు. మనిషి బతికాడు. కానీ అంతసేపు చలి నేల మీద పడి ఉన్నందుకు కాళ్లు మళ్లీ లేవలేదు. ఇల్లు అమ్మేశారు. వృద్ధుల ఆశ్రమంలో, కిటికీ పక్క మంచం ఇచ్చారు.

కబురు రెనాటాకు చేరింది. బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని కక్కుకుంది. అప్పటికి ఆ తిండి కడుపులో లేదు, అయినా కక్కుకుంది.

తర్వాతి శుక్రవారం నాలుగు కాకముందే చోచీ వచ్చింది. మడిచిన బల్ల ఒకటి తనే ఈడ్చుకొచ్చి తలుపు దగ్గర వేసింది, టికెట్ల చుట్ట తీసి దాని మీద పెట్టింది. రెనాటా దగ్గరకు వెళ్లి ఏదో చెప్పబోయింది.

"నోర్ముయ్. ఎవడైనా ఆరింటికి రాకపోతే నాకు తెలిసేది. ఆరున్నరకల్లా ఎవడో ఒకణ్ని వాడి ఇంటికి తోలేదాన్ని. ఇన్నేళ్లూ నేను ఇక్కడ కూర్చుని చేసింది అదే. నీ బొమ్మలో దానికి గడి గీశావా?"

రెనాటా గీయలేదు. అక్కడ ఎర్ర సున్నా చుట్టింది.

ఫోన్ల పద్ధతి ఆ రోజే తీసేశారు. వరస మళ్లీ పార్కింగు చుట్టూ తిరిగింది. రెనాటా అధ్యక్ష పదవి వదిలేసింది. ఇది జరిగాక కూడా ఆమెకు సీటు మీద ఆశ చావలేదు. దానికే ఆమెకు తన మీద అసహ్యం వేసింది.

వేసవిలో దరఖాస్తుకు కూర్చున్నప్పుడు బ్రైస్‌కు జరిగింది చెప్పింది. ఆరు నిమిషాల కథ ఇక రాయలేనంది. బ్రైస్ నెమ్మదిగా ముందుకు వంగాడు.

"రెనాటా, ఇది ఇంకా మంచిది. మీ పరాజయం గురించి రాయండి అని వాళ్లే అడుగుతారు. అందరూ పరీక్షలో తక్కువ మార్కులొచ్చాయని రాస్తారు. నీ దగ్గర నిజమైన మనిషి ఉన్నాడు."

"నిజమైన మనిషే. ఆశ్రమంలో ఉన్నాడు."

"సారీ. నా ఉద్దేశం అది కాదు. కానీ చివర మాత్రం మూసెయ్యాలి. తప్పు జరిగింది, నేర్చుకున్నావు, సరిచేశావు. ఏం సరిచేశావు?"

"ఏమీ లేదు. చోచీ మళ్లీ వచ్చి కూర్చుంది."

"అది నువ్వు చేసింది కాదుగా. పెట్టె తీసుకోని వాళ్లకు ఫోను దానంతటదే మోగేలా ఒక ఏర్పాటు చేశానని రాయి. చేస్తావు కదా? దరఖాస్తు అక్టోబరులో చూస్తారు, ఆ లోపల చేసేస్తే అబద్ధం కాదు."

ఆమె చేయలేదు. కానీ రాసింది. రాయడానికి ముందు ఒక్క మంచి పని చేసింది. చెస్టర్‌ను అడగడానికి వెళ్లింది. ఆయన చక్రాల కుర్చీలో కిటికీ దగ్గర ఉన్నాడు, బాగా చిక్కిపోయాడు. మీ గురించి రాసుకోవచ్చా అని అడిగితే పెద్దగా నవ్వాడు.

"నేను హైస్కూలు కూడా పూర్తి చెయ్యలేదమ్మాయ్. నీతోనన్నా కాలేజీలోకి వెళ్తానన్నమాట. రాసుకో, రాసుకో. అందగాణ్నని రాయి."

రెనాటా కూడా నవ్వబోయింది, చేతకాలేదు.

"అవునుగానీ, ఆ శుక్రవారం నా పెట్టె ఏమైంది? నేల మీద పడుకుని అదే తలుచుకున్నా. మాకరోనీ ఎవడు కొట్టేశాడో అని."

ఆమె తలెత్తలేకపోయింది. "నేనే తిన్నాను, మిస్టర్ పిలార్స్కీ."

చెస్టర్ కిటికీలోంచి బయటకు చూశాడు. తర్వాత ఆమె చేతి మీద చెయ్యి వేశాడు.

"పోన్లే. చల్లారిపోలేదు కదా?"

ఆయన కోప్పడి ఉంటే బావుండేది. కారు పార్కింగులో కూర్చుని రెనాటా వెక్కివెక్కి ఏడ్చింది. ఇంటికి వెళ్లి, బ్రైస్ చెప్పిన ముగింపుతోనే వ్యాసం పంపేసింది. పెట్టె సంగతి రాయలేదు.

నవంబరులో ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆ స్కూల్లో చదివిన ఒకావిడ, ఇంగ్రిడ్ ఫాల్క్, బఫెలోలో ఒక కాఫీ హోటల్లో కలిసింది. మంచి మనిషి. ఆమె వ్యాసం చదివి వచ్చింది, చదివి కళ్లు తుడుచుకున్నానని చెప్పింది. ఆ సీటు ఎంత దగ్గరగా ఉందో ఆమెకు కనపడుతోంది. ఇంకో రెండు మాటలు సరిగ్గా చెబితే చాలు.

"మీరు పెట్టిన ఆ ఫోన్ల ఏర్పాటు నాకు చాలా నచ్చింది. ఇప్పుడెలా నడుస్తోంది? ఎంతమందికి పనికొచ్చింది?"

బ్రైస్ ఈ ప్రశ్నకు జవాబు ముందే బట్టీ పట్టించాడు. రెనాటా నోరు తెరిచింది. చల్లారిపోలేదు కదా అన్న మాట చెవిలో మోగింది.

"అలాంటిదేమీ లేదండీ."

"అంటే?"

"నేను పెట్టలేదు. రాశానంతే. ఇప్పుడు తలుపు దగ్గర ఒక పెద్దావిడ కూర్చుంటుంది, వచ్చినవాళ్లను పలకరిస్తుంది, రానివాళ్ల కోసం మనిషిని పంపుతుంది. నేను రాకముందు కూడా ఆవిడే చేసేది. నేనే ఆవిణ్ని ఆ కుర్చీలోంచి లేపి పంపేశాను." ఆగితే మళ్లీ చెప్పలేనని ఆమెకు తెలుసు. "ఇంకోటి. ఆ రోజు ఆయన పెట్టె మిగిలితే నేనే తిన్నాను. పేరు చదివి మరీ తిన్నాను."

ఇంగ్రిడ్ ఫాల్క్ చేతిలోని పెన్ను కింద పెట్టింది. ఆ ముఖంలో కోపం లేదు, ఏం రాసుకోవాలో తెలియడం లేదు.

"దీన్నించి మీరేం నేర్చుకున్నారు?" అని చివరికి అడిగింది. అది అడగడం ఆమె పని.

"ఎవరైనా రాకపోతే వెళ్లి చూడాలి. అంతేనండీ. అది అక్కడ అందరికీ ముందే తెలుసు."

ఆవిడ ఇంకో మాట కోసం ఎదురుచూసింది. ఇద్దరూ కాఫీ తాగి, చేతులు కలిపి విడిపోయారు.

డిసెంబరులో సీటు రాలేదని మెయిల్ వచ్చింది. బ్రైస్ తలపట్టుకున్నాడు. నీకు పిచ్చా అన్నాడు, వచ్చే ఏడాది వేరే స్కూళ్లు చూద్దామన్నాడు. రెనాటా చూద్దాంలే అంది. చాలా రోజులు ఏడ్చింది. నిజం చెబితే మనసు తేలికపడుతుందని అనుకుంటారు జనం. అదేమీ జరగలేదు. సీటు పోయిన బాధ సీటు పోయిన బాధే, చెస్టర్ కాళ్లు చెస్టర్ కాళ్లే. ఆఫీసులో పైవాళ్లు ఆమె బొమ్మలు పట్టుకుని మీటింగుకు వెళ్తూనే ఉన్నారు.

మళ్లీ తపస్సుకాలం వచ్చింది. రెనాటా ప్రతి శుక్రవారం వరసలో నిలబడి రెండు టికెట్లు తీసుకునేది. ఒకటి తనకు, ఒకటి ఆశ్రమానికి తీసుకెళ్లడానికి. చోచీ అందరితో గంటలు మాట్లాడేది, రెనాటాతో మాత్రం "ఎన్ని?" అని ఒక్క మాట. రెనాటా "రెండు" అనేది. నెల రోజులు వాళ్లిద్దరి మధ్య అంతకు మించి మాట పుట్టలేదు.

ఆ శుక్రవారం గాలీ మంచూ కలిసి కొడుతున్నాయి. గంట సేపు నిలబడి రెనాటా బల్ల ముందుకు చేరింది. ముక్కు ఎర్రబడిపోయింది, కాలి వేళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. చోచీ టికెట్ చింపబోయి ఆగి, ఆమె భుజం మీదుగా వరసంతా చూసింది.

"లోరెట్టా రాలేదేం?"

వెనకాల ఎవరో రోడ్లు బాలేవు కదా అన్నారు. రే కారు రిపేరుకెళ్లిందని ఇంకెవరో అన్నారు. చోచీ ఇంకోసారి చూసింది. చూపు తిరిగి తిరిగి రెనాటా మీద ఆగింది. చాలాసేపు ఆగింది.

"నీకు కారుందిగా పిల్లా. నువ్వెళ్లు."

రెనాటా టికెట్ల మాట మర్చిపోయి పరిగెత్తింది. లోరెట్టా ఇల్లు నాలుగు వీధుల అవతల. వంటింట్లో దీపం లేదు. గుమ్మం ముందు మంచు మీద ఒక్క అడుగు గుర్తు కూడా లేదు. ఆమె కారు దిగకుండానే హారన్ మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తీయలేదు. ఎదురింటి తలుపు తెరుచుకుంది, పక్కింటి కుక్క అరిచింది. అయినా తీయలేదు.

దీపం వెలిగింది. లోరెట్టా ఒక కాలికి బూటుతో గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరే అది! చెవులు పగిలిపోతున్నాయి! చెట్ పిలార్స్కీ మళ్లీ బస్సు తోలుకొచ్చాడా ఏంటి? కాస్త కునుకు పట్టిందే తల్లీ, వస్తున్నా!"

రెనాటా ఆమెను రెక్క పట్టుకుని నడిపించి కారెక్కించింది. హాలు దగ్గర చోచీ లోరెట్టాను చూసి నాలుగు తిట్లు తిట్టి, వరసతో పనిలేకుండా ముందే లోపలికి తోసింది. రెనాటా వైపు చూసి తల ఊపింది. వరస ఇంకా పెరిగింది, పార్కింగు దాటి రోడ్డు దాకా వచ్చింది. రెనాటా వెళ్లి చివర నిలబడింది.